జవాబు ఇంకా దొరకని ప్రశ్నలు

చదవడం, రాయడం వచ్చిన కొత్తలో మనకు ఒక నమ్మకం కలుగుతుంది. పుస్తకాల్లో అన్నీ ఉంటాయని, పెద్ద చదువులు చదివినవాళ్ళకు అన్నీ తెలుసని. ఈ పాఠంలో మాత్రం వాళ్ళకు కూడా తెలియని సంగతులు చెప్పుకుందాం. ఎక్కడో ఆకాశంలో ఉన్న సంగతులు కావు. మన గురించే. మనిషి గురించే.

మనిషి 1969లో చంద్రుడి మీద కాలు పెట్టాడు. 2023లో మన దేశం పంపిన చంద్రయాన్-3 కూడా చంద్రుడి మీద దిగింది. అంత దూరం పోగలిగిన మనిషికి తన ఒంటి గుట్టు పూర్తిగా తెలియదు. ఒకరు ఆవలిస్తే పక్కనున్నవాళ్ళకు ఆవలింత ఎందుకు వస్తుంది? పది మందిలో సుమారు తొమ్మిది మందికి కుడిచేతి వాటం ఉంటుంది. మిగిలిన ఒక్కరికి ఎడమచేతి వాటం ఎందుకు వస్తుంది? నిద్రలో కలలు ఎందుకు వస్తాయి? వీటి మీద శాస్త్రవేత్తలు చాలా పరిశోధనలు చేశారు. తలా ఒక మాట చెప్తారు. ఇదే కారణం అని అందరూ ఒప్పుకున్న జవాబు లేదు.

మనిషి మాట్లాడడం ఎప్పుడు మొదలుపెట్టాడు? ఇది మరీ చిక్కు ప్రశ్న. చచ్చిపోయిన మనిషి ఎముకలు మట్టిలో మిగులుతాయి. అతను వాడిన రాతి పనిముట్లు మిగులుతాయి. మాట మిగలదు గదా! ఫ్రాన్స్ దేశంలోని పారిస్ నగరంలో భాషా పండితుల సంఘం ఒకటి ఉంది. ఆ సంఘం 1866లో ఒక నిబంధన పెట్టుకుంది. మాట ఎట్లా పుట్టిందన్న దాని మీద ఎవరు వ్యాసం రాసినా మేము తీసుకోము అని. ఇప్పుడు ఆ ప్రశ్న మీద మళ్ళీ పరిశోధనలు సాగుతున్నాయి. జవాబు మాత్రం చిక్కలేదు.

బూడిద కింద రాళ్ళు

జవాబు తెలియదు అంటే అసలేమీ తెలియదని కాదు. ఎంతవరకు తెలుసు, ఎక్కడ ఆగిపోయారు అన్నది చూడాలి. దీనికి మన తెలుగునాట ఒక ఊరి కథే ఉంది.

ఆ ఊరి పేరు జ్వాలాపురం. మొన్నటిదాకా కర్నూలు జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక నంద్యాల జిల్లా. అక్కడి నేల కింద బూడిద పొర ఉంది. కొన్నిచోట్ల అది మనిషి ఎత్తు కన్నా మందంగా ఉంటుంది. ఆ బూడిద మన దేశానిది కాదు. సుమారు 74 వేల ఏళ్ళ కిందట ఇండోనేషియా దేశంలో, సుమత్రా దీవిలో టోబా అనే అగ్నిపర్వతం పేలింది. దాని బూడిద గాలిలో సముద్రం దాటి వచ్చి మన నేల మీద పడింది. వాన నీళ్ళకు కొట్టుకొచ్చి పల్లపు చోట్ల పేరుకుంది.

మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ అనే శాస్త్రవేత్తలు, వాళ్ళ తోటివాళ్ళు అక్కడ తవ్వి చూశారు. బూడిద కింద మనిషి చెక్కిన రాతి పనిముట్లు దొరికాయి. బూడిద పైన కూడా దాదాపు అట్లాంటివే దొరికాయి. అంటే ఆ బూడిద వాన కురవకముందు అక్కడ మనుషులు ఉన్నారు. కురిసిన తర్వాత కూడా ఉన్నారు. ఈ సంగతి 2007లో ప్రకటించారు. ఇంతవరకు తెలుసు.

తెలియనిది ఏమిటి? ఆ రాళ్ళు చెక్కినవాళ్ళు ఎవరన్నది. మనలాంటి మనుషులు మొదట ఆఫ్రికా ఖండంలో ఉండేవాళ్ళు. అక్కడి మొరాకో దేశంలో దొరికిన ఎముకల వయసు సుమారు 3 లక్షల ఏళ్ళు. అక్కడి నుంచే మనవాళ్ళు ప్రపంచమంతా పాకారు. మన దేశానికి ఎప్పుడు వచ్చారు? బూడిద పడకముందే వచ్చారని కొందరంటారు. కాదు, తర్వాతే వచ్చారు, అంతకుముందు ఇక్కడున్నది ఇప్పుడు లేని వేరే మనుషుల జాతి అని మరికొందరంటారు. జ్వాలాపురంలో బూడిద కింద రాళ్ళు దొరికాయి గానీ వాటి పక్కన మనిషి ఎముక దొరకలేదు. ఒక్క పుర్రె దొరికితే తగువు చాలావరకు తీరిపోయేది. దొరికేదాకా ఎవరి రుజువులు వాళ్ళు ముందు పెడతారు. ఎదుటివాళ్ళ రుజువులను తూకం వేస్తారు. పెద్దవాళ్ళం చెప్తున్నాం, నోరు మూసుకో అంటే అక్కడ చెల్లదు.

జవాబు దొరికినా మన ఇంటికి రాని సంగతి

ఇంకొక రకం ప్రశ్నలు ఉన్నాయి. జవాబు దొరికి నూరేళ్ళు దాటింది. అయినా ఇంట్లో ఇంకా తగువే. ఆడపిల్ల పుడితే తప్పు ఎవరిది అన్నది అట్లాంటిదే.

అమెరికాలో నెట్టీ స్టీవెన్స్ అనే ఆమె ఉండేది. మొదట బడిపంతులమ్మ. డబ్బులు కూడబెట్టుకుని పెద్దయ్యాక పై చదువు చదివింది. ఆమె 1905లో పిండిలో పట్టే పురుగులను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. మగపురుగు బీజంలో రెండు రకాలు కనిపించాయి. ఒక రకం కలిస్తే ఆడ, ఇంకో రకం కలిస్తే మగ. ఆడపురుగు అండంలో ఒకటే రకం. మనుషుల్లో కూడా అంతే. తండ్రి బీజాన్ని బట్టి ఆడా మగా తేలుతుంది. అది కూడా తండ్రి చేతిలో లేదు. ఆ బీజాల్లో ఏది ముందు పోయి కలిస్తే అది. ఇందులో తెలియనిది ఏమీ లేదు. తల్లిని తిట్టడానికి ఆధారం లేదు. ఆకు పసర్లు, పూజలు, పొట్ట ఆకారం చూసి చెప్పేవాళ్ళు, అంతా ఉత్తదే.

మరి కాన్పు గురించి నిజంగా తెలియనిది ఏమిటి? ఆ సంగతికి వద్దాం. ఇది కొంచెం పెద్దది.

నొప్పులు ఎవరు మొదలుపెడతారు?

తొమ్మిది నెలలు తొమ్మిది రోజులు అని మన పెద్దవాళ్ళ లెక్క. డాక్టర్ల లెక్క 40 వారాలు. ఆఖరి ముట్టు మొదటి రోజు నుంచి లెక్కపెడతారు. తేదీ రాసిస్తారు. కానీ సరిగ్గా ఆ తేదీకి కాన్పు అయ్యేది నూటికి నాలుగైదు మందికే. మిగిలినవాళ్ళకు ముందో వెనకో అవుతుంది. ఎందుకట్లా? ఇంతకాలం కదలకుండా ఉన్న గర్భసంచి ఒక రాత్రి ఉన్నట్టుండి బిగుసుకోవడం ఎందుకు మొదలుపెడుతుంది? ఇప్పుడు రా అని ఎవరు పిలుస్తారు? తల్లా, బిడ్డా, మాయా?

నమ్మబుద్ధి కాదు గానీ, మనుషుల విషయంలో దీనికి పూర్తి జవాబు ఇంకా దొరకలేదు. రోజూ లక్షల కాన్పులు జరుగుతుంటే ఇది తెలియదా అని మా కేంద్రంలో ఒక అవ్వ మూతి తిప్పింది. ఆమె అన్నదాంట్లో న్యాయం ఉంది. చాలా కాలం ఇది ఆడవాళ్ళ వ్యవహారం అని ఎవరూ పట్టించుకోలేదు. పైగా కడుపుతో ఉన్న మనిషి మీద ప్రయోగాలు చెయ్యకూడదు. అందుకని శాస్త్రవేత్తలు గొర్రెల దగ్గరికి పోయారు.

గొర్రె సుమారు ఐదు నెలలు మోస్తుందని మీకు నేను చెప్పనక్కరలేదు. అమెరికాలో ఐడహో అనే రాష్ట్రంలో కొండల మీద గొర్రెలు మేపేవాళ్ళకు ఒక కష్టం వచ్చిపడింది. కొన్ని గొర్రెలకు ఒంటికన్ను పిల్లలు పుడుతున్నాయి. కొన్ని గొర్రెలకు నెలలు దాటినా ఈత కావడం లేదు. శాపమా? దిష్టా? శాస్త్రవేత్తలు వచ్చి, ఎండాకాలాలు గొర్రెల వెంట తిరిగి, మేసే మొక్కలన్నీ పరిశీలించారు. కార్న్ లిల్లీ అనే అడవి మొక్క దొరికింది. చూలు కట్టిన 14వ రోజున గొర్రె ఆ మొక్క తింటే పిల్లకు ఆ గతి పట్టేది. ఆ రోజుల్లో మందను ఆ మొక్కలున్న చోటికి పోనివ్వకుండా చూసుకున్నారు.

అట్లాంటి పిల్లల్లో మెదడు అడుగున ఉండే పిట్యూటరీ అనే చిన్న గ్రంథి సరిగా ఏర్పడదు. అందుకే ఈత ఆలస్యమవుతుందా? న్యూజీలాండ్ దేశంలో గ్రాహం లిగిన్స్ అనే కాన్పుల డాక్టరు ఈ సంగతి పట్టుకున్నాడు. 1960లలో ఆయన గొర్రెల మీద ప్రయోగాలు చేశాడు. కడుపులో ఉన్న పిల్లకు ఆ గ్రంథి పనిచెయ్యకుండా చేస్తే గొర్రె ఈనలేదు. కడుపులో పిల్లకు కార్టిసాల్ అనే పదార్థాన్ని ఎక్కించి చూస్తే నెలలు నిండకుండానే ఈనింది. దాంతో గుట్టు తెలిసిపోయింది. గొర్రెల్లో ఈత ఎప్పుడు కావాలో చెప్పేది తల్లి కాదు, లోపలున్న పిల్ల. దాని మెదడు నుంచి కబురు పోతుంది, దాని ఒంట్లో కార్టిసాల్ పెరుగుతుంది, తల్లికి నొప్పులు మొదలవుతాయి.

ఇంక మనుషుల గుట్టు కూడా తెలిసినట్టే అనుకున్నారు. తెలియలేదు. మనుషుల్లో ఆ మందు ఇస్తే నొప్పులు రావు. మాయలో ఒక గడియారం లాంటిది ఉండి రోజులు లెక్కపెడుతుందని కొందరంటారు. బిడ్డ ఊపిరితిత్తులు తయారయ్యాక అవే కబురు పంపుతాయని కొందరు. గర్భసంచి సాగి సాగి ఇక సాగలేక బిగుస్తుందని కొందరు. ఇవన్నీ కలిసి పనిచేస్తాయని ఇప్పుడు ఎక్కువమంది అభిప్రాయం. ముందు ఏది కదులుతుంది, ఏది దాన్ని కదిలిస్తుంది అన్నది తేలలేదు.

ఇక్కడ ఒక మాట. నొప్పుల సూది అని ఒకటుంది గదా. దానిలో మందు పేరు ఆక్సిటోసిన్. అది గర్భసంచిని బిగిస్తుంది. అది తెలుసు. కానీ సూదితో నొప్పులు తెప్పించడం వేరు, నొప్పులు వాటంతట అవి ఎట్లా మొదలవుతాయో తెలియడం వేరు. ఆసుపత్రిలో ఆ మందును కొలత ప్రకారం, బిడ్డ గుండె చప్పుడు వింటూ ఇస్తారు. ఇంటి దగ్గర తొందరగా అయిపోతుందని ఎవరన్నా ఆ సూది వేస్తానంటే ఒప్పుకోవద్దు. గర్భసంచి పగిలిపోయే ప్రమాదం ఉంది. బిడ్డకు ఊపిరి అందక పోవచ్చు.

నెలలు నిండకుండా పుడితే

ఈ తెలియనితనం వల్ల నష్టం ఎక్కడ అంటే ఇక్కడే. 37 వారాలు నిండకుండా పుట్టే బిడ్డను నెలలు తక్కువ బిడ్డ అంటారు. 2020లో ప్రపంచంలో సుమారు 1 కోటి 34 లక్షల మంది బిడ్డలు అట్లా పుట్టారు. దాదాపు పది మందిలో ఒకరు. అందులో సుమారు 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. ఏ దేశంలోనూ అంతమంది లేరు. కవల పిల్లలు ఉండడం, బి.పి. పెరగడం, మూత్రంలో చీము పట్టడం, తల్లి మరీ చిన్న వయసుది కావడం, కాన్పుకు కాన్పుకు ఎడం లేకపోవడం, ఇట్లాంటి కారణాలు కొన్ని తెలుసు. వీటిని ముందుగా కనిపెట్టి మందులిస్తే కొన్ని ఆపవచ్చు. కానీ చాలామంది తల్లుల్లో ఏ కారణమూ దొరకదు. అన్నీ బాగానే ఉంటాయి. అయినా నొప్పులొస్తాయి.

కారణం దొరకనిచోట మనుషులు ఏం చేస్తారో మీకు తెలుసు. గ్రహణం రోజు బయటికొచ్చింది, అందుకే అంటారు. గడప మీద కూర్చుంది అంటారు. చెప్పిన మాట వినలేదు అంటారు. బిడ్డ పోయిన తల్లికి పాలు ఇంకకముందే ఈ మాటలు మొదలవుతాయి. డాక్టరు కూడా తెలియదన్నాడు చూశారా, కాబట్టి ఇది దిష్టే అని ఇంకొకరు అందుకుంటారు. డాక్టరు తెలియదు అంటే దానికి అర్థం తెలియదు అనే. కోడలి తప్పు అని కాదు. గ్రహణం మొర్రి అని పేరే పెట్టారు పాపం. పెదవి చీలి పుట్టే ఆ బిడ్డకు అట్లా జరగడానికి కారణాలన్నీ ఇంకా తెలియవు. కానీ గ్రహణం చూడని తల్లులకూ అట్లాంటి బిడ్డలు పుడతారు, ఆపరేషన్ చేస్తే పెదవి కలుస్తుంది. ఈ రెండూ తెలిసిన సంగతులే.

కారణం తెలియకపోయినా బిడ్డను కాపాడే దారి దొరికింది. అది కూడా ఆ గొర్రెల దొడ్డిలోనే. లిగిన్స్ ప్రయోగాల్లో నెలలు నిండకుండా పుట్టిన ఒక గొర్రెపిల్ల పొద్దుటికి చచ్చిపోయి ఉంటుందనుకున్నారు. వచ్చి చూస్తే ఊపిరి తీస్తూ ఉంది! అంత చిన్న పిల్లకు ఊపిరితిత్తులు విచ్చుకోవు. దీనికి విచ్చుకున్నాయి. లోపల ఉన్నప్పుడు ఇచ్చిన మందు వల్ల ఊపిరితిత్తులు ముందే తయారయ్యాయన్నమాట. అయితే నెలలు తక్కువ కాన్పు కాబోయే తల్లికి అట్లాంటి మందు సూదిగా ఇస్తే? లిగిన్స్, పిల్లల డాక్టరు రాస్ హోవీ కలిసి 282 మంది తల్లులతో ఈ పరీక్ష చేశారు. 1972లో ఫలితం ప్రకటించారు. అనుకోకుండా ముందే నొప్పులొచ్చిన తల్లుల్లో, మందు అందనివాళ్ళ బిడ్డలు నూటికి 15 మంది తొలి రోజుల్లోనే చనిపోయారు. మందు అందినవాళ్ళ బిడ్డల్లో నూటికి సుమారు ముగ్గురు.

మనుషుల్లో ఆ మందు నొప్పులు తెప్పించదని చెప్పుకున్నాం గదా. అదే మేలైంది. తెప్పించేదైతే తల్లికి ఇవ్వడానికి వీలుండేది కాదు.

ఇంత మంచి మందు కూడా డాక్టర్లందరూ వాడడానికి చాలా ఏళ్ళు పట్టింది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ దీన్ని గట్టిగా వాడమని చెప్పింది 1994లో. మన ప్రభుత్వ ఆసుపత్రుల్లో డెక్సామెథసోన్ అనే సూది ఇస్తారు. ఖరీదైనది కాదు. అయితే కాన్పుకు ముందు కొంత వ్యవధి ఉంటేనే బాగా పనిచేస్తుంది. ఒక రోజు దొరికితే మేలు. అందుకే ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో పొట్ట మాటిమాటికి గట్టిపడుతున్నా, ఉమ్మనీరు కారుతున్నా, రక్తం కనపడినా, తెల్లారనీ చూద్దాం అనుకోకూడదు. 108కి ఫోన్ చెయ్యాలి. సూది ఎవరికి ఇవ్వాలో వారాలు లెక్కచూసి డాక్టరు చెప్తారు. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని మన పక్క ఒక మాట ఉంది. అది నిజం కాదు. కడుపులో ఒక్కొక్క వారం గడిచేకొద్దీ బిడ్డకు బలమే.

ఇంకొక దారికి సూది కూడా అక్కరలేదు. 1978లో కొలంబియా దేశంలో బొగోటా నగరంలోని ఆసుపత్రిలో నెలలు తక్కువ బిడ్డలను పెట్టే వెచ్చటి పెట్టెలు చాలలేదు. అక్కడి డాక్టర్లు రే, మార్టినెజ్ బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేట్టు కట్టించారు. కంగారూ అనే జంతువు పిల్లను పొట్ట సంచిలో పెట్టుకుని తిరుగుతుంది. అందుకని దీనికి కంగారూ పద్ధతి అని పేరు వచ్చింది. మన దేశంతో పాటు మరో నాలుగు దేశాల ఆసుపత్రుల్లో, చాలా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలకు పుట్టిన వెంటనే ఈ పద్ధతి మొదలుపెట్టి చూశారు. 2021లో ఫలితం వచ్చింది. కాస్త కుదుటపడ్డాక మొదలుపెట్టిన బిడ్డల్లో నూటికి సుమారు 16 మంది చనిపోతే, వెంటనే మొదలుపెట్టిన బిడ్డల్లో 12 మంది చనిపోయారు. నూటికి నాలుగు ప్రాణాలు. తల్లికి వీలు కాకపోతే తండ్రి, అమ్మమ్మ, నాయనమ్మ ఎవరైనా ఎదకు కట్టుకోవచ్చు.

ముట్లుడిగాక ఎందుకు బతుకుతాం?

ఇప్పుడు అమ్మమ్మలు, నాయనమ్మల ప్రశ్న.

ఆవు, గేదె, మేక, కోతి, ఏ జంతువును తీసుకున్నా దాదాపు చివరిదాకా ఈనుతూనే ఉంటుంది. ఈత ఉడిగాక ఎంతో కాలం బతకదు. ఆడమనిషి అట్లా కాదు. మన దేశంలో చాలామందికి 45, 50 ఏళ్ళ మధ్య ముట్లుడుగుతాయి. ఆ తర్వాత ఇంకో 20, 30 ఏళ్ళు బతుకుతుంది. అట్లా బతికే జీవులు లోకంలో చాలా తక్కువ. సముద్రంలో ఓర్కా అనే పెద్ద జీవి ఒకటి. దాని ఆడవి సుమారు 40 ఏళ్ళకు కనడం మానేసి, కొన్నయితే 80 దాటి బతుకుతాయి. చేపలు కరువైన ఏడు ముందుండి దారి చూపేది ఆ ముసలి ఓర్కాలే. ఉగాండా అడవుల్లో ఒక చింపాంజీల గుంపులో కూడా ఇట్లాంటి ముసలివి ఉన్నాయని 2023లో బయటపడింది.

ముట్లు ఎట్లా ఆగుతాయో తెలుసు. ఆడపిల్ల పుట్టేటప్పుడే తన అండాలన్నీ తనతో తెచ్చుకుంటుంది. 10 లక్షల నుంచి 20 లక్షల దాకా ఉంటాయి. తర్వాత కొత్తవి పుట్టవు, ఉన్నవి తరుగుతూ వస్తాయి. అవి అయిపోవచ్చేసరికి ముట్లు ఆగుతాయి. ఇంకో చిత్రం చూడండి. మీ కూతురు ఏ అండం నుంచి పుట్టిందో ఆ అండం మీరు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే తయారైంది. అంటే మీ అమ్మ మిమ్మల్ని మోసినప్పుడే మీ కూతురి మొదటి నలుసును కూడా మోసింది.

తెలియనిది ఎందుకు అన్నది. కనలేని మనిషిని ప్రకృతి ఇన్నేళ్ళు ఎందుకు బతికిస్తుంది?

క్రిస్టెన్ హాక్స్ అనే అమెరికా శాస్త్రవేత్త, ఆమె తోటివాళ్ళు 1980లలో టాంజానియా దేశానికి పోయి హడ్జా అనే అడవి జనంతో ఉన్నారు. వ్యవసాయం లేదు. మగవాళ్ళు వేటకు పోతారు. ఆడవాళ్ళు గడ్డలు తవ్వుతారు. ఎవరు ఎంత తిండి తెస్తున్నారో రోజూ లెక్క రాశారు. అరవై దాటిన ముసలమ్మలు ఎండలో, గట్టి నేలలో గంటల తరబడి గడ్డలు తవ్వుతున్నారు! తల్లి ఒళ్ళో కొత్త బిడ్డ ఉన్నప్పుడు పెద్ద బిడ్డ బరువు పెరగడం తల్లి తెచ్చే తిండి మీద ఆధారపడలేదు. అమ్మమ్మ తవ్వి తెచ్చే గడ్డల మీద ఆధారపడింది. దీన్నిబట్టి హాక్స్ ఒక మాట చెప్పింది. ముసలమ్మలు తిండి పెట్టి మనవళ్ళను, మనవరాళ్ళను బతికించారు, అందుకే ఎక్కువ కాలం బతికే ఆడవాళ్ళ సంతానం లోకంలో నిలిచింది అని. ఫిన్లాండ్, కెనడా దేశాల పాత చర్చి పుస్తకాల్లో పుట్టుకలు, చావులు రాసి ఉంటాయి. వాటిని లెక్కవేసి 2004లో ఇంకొకరు చూపించారు. 50 ఏళ్ళ తర్వాత బామ్మ పదేళ్ళు ఎక్కువ బతికితే ఆ ఇంట్లో ఇద్దరు మనవలు అదనం.

అందరూ ఒప్పుకున్నారా? లేదు. మనిషి ఆయుష్షు వేరే కారణాలతో పెరిగింది, అండాలు మాత్రం పాత లెక్క ప్రకారమే అయిపోతున్నాయి, అంతకు మించి ఏమీ లేదు అని కొందరంటారు. కూతురూ కోడలూ కనే వయసులో తాను కూడా కంటే ఇంట్లో తిండికి పోటీ వస్తుంది, అందుకే ముందుగా ఆగిపోతుంది అని మరికొందరు. నాకైతే గడ్డలు తవ్వే ముసలమ్మల మాటే నచ్చుతుంది. నచ్చడం రుజువు కాదనుకోండి.

ఈ ప్రశ్నకు మన ఊళ్ళలో ఇంకో రకం జవాబు చెప్పేవాళ్ళున్నారు. పిల్లలు పుట్టడం అయిపోయింది గదా, ఇంక గర్భసంచితో పనేముంది, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుంది, తీసేయించుకో అని. తెల్లబట్ట అయినా అదే మాట. నడుము నొప్పి అన్నా అదే మాట. 2015-16లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళను అడిగారు. దేశం మొత్తం మీద నూటికి సుమారు ముగ్గురికి గర్భసంచి తీసేశారు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి సుమారు 9 మందికి, తెలంగాణలో సుమారు 8 మందికి. మన ఆడవాళ్ళ గర్భసంచులకే అన్ని రోగాలు వస్తాయా?

క్యాన్సర్ ఉంటే తియ్యాల్సిందే. మందులకు లొంగని రక్తస్రావం, పెద్ద గడ్డలు ఉన్నా తియ్యాల్సి రావచ్చు. తెల్లబట్టకు చాలావరకు మందులు చాలు. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు. 35 ఏళ్ళ మనిషి ఎముకలు ముందే గుల్లబారడం మొదలవుతుంది. కూలిపని చేసుకునేవాళ్ళకు ఎముకే గదా ఆస్తి. తీసేయాలి అని ఒక డాక్టరు చెప్తే, ఎందుకు, మందులతో పోదా, అండాశయాలు కూడా తీస్తారా అని అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంకో డాక్టరుకు కూడా చూపించండి. ముట్లు పూర్తిగా ఆగి ఏడాది దాటాక మళ్ళీ రక్తం కనపడితే మాత్రం సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే చూపించుకోవాలి.

కూర్చుని మాట్లాడుకోండి

1. మీ ఇంట్లో ఎవరికైనా నెలలు తక్కువ బిడ్డ పుట్టిందా? అప్పుడు ఎవరేమన్నారు? అందులో తెలిసి అన్న మాట ఏది, ఊరికే అన్న మాట ఏది?

2. మిమ్మల్ని పెంచడంలో మీ అమ్మమ్మ, నాయనమ్మ ఏమేం చేశారు? చేసిన పనులు ఒక్కొక్కటి కాగితం మీద రాయండి.

3. మీ వీధిలో 40 ఏళ్ళు నిండకుండా గర్భసంచి తీయించుకున్నవాళ్ళు ఎంతమంది? డాక్టరు ఏ కారణం చెప్పారు? ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చిన కాగితం పెట్టె అడుగున ఉంటుంది. వాళ్ళు ఇష్టపడితే దాన్ని కేంద్రానికి తెమ్మనండి. ఇంగ్లీషులో ఉన్న మాటలు నర్సమ్మను అడిగి తెలుగులో రాసుకుని, అందరూ కలిసి చదవండి.